తాతయ్య మిలిటరీ కోటును డ్రైక్లీనింగ్‌కి ఇవ్వొద్దు

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలోని మా అమ్మమ్మగారి పాత ఇల్లు బిల్డర్‌కి ఇస్తున్నాం. అటక మీది సామాను దింపుతుంటే ఒక ఇనప ట్రంకు పెట్టెలో తాతయ్య మిలిటరీ బట్టలు దొరికాయి. మందపాటి ఉన్ని కోటు, గంజి పెట్టి మడిచిన ఖాకీ చొక్కాలు, నిక్కర్లు, ఒక ఆకుపచ్చ చొక్కా, తోలు బెల్టు, టోపీ ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన డాక్టరుగా బర్మా వైపు పనిచేశారని అమ్మమ్మ చెప్పేది. మావయ్యేమో కల్నల్ అంటాడు, అమ్మ కెప్టెన్ అంటుంది. కాగితాలేవీ దొరకలేదు. కోటుకి చిన్న చిన్న చిల్లులు పడ్డాయి, ఇత్తడి గుండీలు నల్లబడ్డాయి. డ్రైక్లీనింగ్ చేయించి, గుండీలు తోమించి, హాల్లో అద్దాల ఫ్రేమ్‌లో పెడదామని మా తమ్ముడు అంటున్నాడు. అలా చేయొచ్చా? ఆయన ఎక్కడ పనిచేశారో ఇప్పుడు కనుక్కోగలమా?
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ తమ్ముడి ఉద్దేశం మంచిదేనండి, కానీ ఆయన చెప్పిన మూడు పనుల్లో ఒక్కటీ ఇప్పుడు చేయకండి. డ్రైక్లీనింగ్ వద్దు, గుండీలు తోమడం వద్దు, ఫ్రేమ్ సంగతి తర్వాత చూద్దాం. కాగితాలు దొరకలేదన్నారు కదా, ప్రస్తుతానికి మీ దగ్గరున్న కాగితాలు ఆ బట్టలే. మరకలు, పాత కుట్ల గుర్తులు, రంగు వెలిసిన చోటు, వెలవకుండా మిగిలిన చోటు, జేబు లోపలి లేబులు, ఇవన్నీ తాతయ్య ఏ ర్యాంకులో ఉన్నారో, ఎటువైపు వెళ్ళారో చెప్పగలవు. ఒక్కసారి ఉతికి ఇస్త్రీ చేశారంటే అందులో సగం పోతుంది, ఎంత డబ్బు పెట్టినా మళ్ళీ రాదు.

అందుకని మొదట ఫోటోలు. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, ఒక్కో బట్టను ముందు, వెనక, లోపల, కాలర్ కింద, జేబుల్లో, భుజాల మీద, పక్కన స్కేలు పెట్టి తీయండి. ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చి, ఏది పెట్టెలో ఎక్కడుందో, ఏ జేబులో ఏం దొరికిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. జేబులో దొరికింది చీటీ ముక్కైనా, బస్సు టికెట్టైనా, మాత్రల కాగితమైనా పారేయకుండా అదే నంబరు వేసి వేరే కవర్లో పెట్టండి. చేతులు సబ్బుతో కడుక్కుని తడి లేకుండా తుడుచుకుంటే చాలు, కానీ ఉంగరాలు, గాజులు తీసేయండి, దారాలకు తగులుకుంటాయి. ఇంకో మాట. పాత మిలిటరీ పెట్టెల్లో అప్పుడప్పుడు తూటాలు కూడా ఉంటాయి. అలాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు ఫోన్ చేయండి.

ఇప్పుడు కల్నలా, కెప్టెనా అన్న సంగతి. ఇది భుజం దగ్గరే తేలిపోతుంది. ఆ రోజుల్లో లెఫ్టినెంట్‌కి రెండు నక్షత్రాలు, కెప్టెన్‌కి మూడు, మేజర్‌కి ఒక కిరీటం, లెఫ్టినెంట్ కల్నల్‌కి కిరీటమూ ఒక నక్షత్రమూ ఉండేవి. 1950 జనవరి 26 తర్వాత కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు వచ్చాయి, కాబట్టి కిరీటం ఉంటే అంతకు ముందుదని, సింహాలు ఉంటే ఆ తర్వాత కూడా సర్వీసులో ఉన్నారని అర్థం. నక్షత్రాలు ఊడిపోయి ఉన్నా నిరాశపడకండి. లోహపు నక్షత్రం గుచ్చిన చిల్లులు భుజం పట్టీ మీద అలాగే ఉంటాయి, దాని కిందున్న గుడ్డకు ఎండ తగల్లేదు కనుక చుట్టూ ఉన్న దానికంటే ముదురుగా కనిపిస్తుంది. కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో పట్టుకుని చూస్తే ఎన్ని ఉండేవో లెక్కపెట్టొచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. అప్పట్లో జమాదారు, సుబేదారు, సుబేదారు మేజరు అనే వైస్రాయ్ కమిషన్డ్ ఆఫీసర్లు, అంటే సిపాయిలకు పైన, లెఫ్టినెంట్ల లాంటి ఆఫీసర్లకు కింద ఉండేవాళ్ళు కూడా నక్షత్రాలూ కిరీటమే పెట్టుకునేవారు. ఒక నక్షత్రం జమాదారుదీ కావచ్చు, సెకండ్ లెఫ్టినెంట్‌దీ కావచ్చు. రెండైతే సుబేదారు లేదా లెఫ్టినెంటు. ఒంటరి కిరీటం సుబేదారు మేజరు లేదా మేజరు. మిలిటరీ వైద్య విభాగంలో సబ్ అసిస్టెంట్ సర్జన్లకు ఈ జమాదారు, సుబేదారు ర్యాంకులే ఉండేవి, వాళ్ళూ డాక్టర్లే. కిరీటం లేకుండా ఒట్టి మూడు నక్షత్రాలు మాత్రం కెప్టెన్ తప్ప ఇంకెవరూ పెట్టుకోలేదు. ఏది తేలినా మీరు మావయ్యగారికి ఉన్నదున్నట్టు చెప్పండి. సుబేదారు అని తేలినా ఆయన చేసిన వైద్యం ఏమీ తగ్గదు, లేని ర్యాంకు తగిలిస్తే మాత్రం రేపు మీ పిల్లలు రికార్డుల్లో వెతికినప్పుడు తప్పుడు మనిషి కోసం వెతుకుతారు.

భుజం చివర ఇత్తడి అక్షరాలున్నాయేమో చూడండి. ఇండియన్ మెడికల్ సర్వీస్‌ వాళ్ళకు ఐఎంఎస్ అని ఉండేది. 1943 ఏప్రిల్ 3న ఐఎంఎస్‌, ఇండియన్ మెడికల్ డిపార్ట్‌మెంట్, ఇండియన్ హాస్పిటల్ కోర్ కలిపి ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ ఏర్పాటు చేశారు. ఇప్పటికీ ఆర్మీ మెడికల్ కోర్ తన స్థాపన దినాన్ని ఆ తేదీనే జరుపుకుంటుంది. ఐఏఎంసీ అని కనిపిస్తే ఆ బట్ట కచ్చితంగా ఆ తర్వాతిదే. బ్యాడ్జి మీద కర్రకు చుట్టుకున్న పాము ఉంటే అది వైద్య విభాగపు గుర్తు.

చొక్కా చేతుల పైభాగం మీద, అంటే భుజానికి కాస్త కింద, చదరంగానో గుండ్రంగానో కుట్లు ఊడదీసిన గుర్తులు ఉంటాయి. అక్కడ డివిజన్ గుర్తు, అంటే ఆయన పనిచేసిన పెద్ద సైనిక దళం గుర్తు కుట్టేవారు. ఎర్ర గద్ద 4వ ఇండియన్ డివిజన్‌ది, నల్లటి చదరంలో ఎర్రటి గుండ్రం 5వ దానిది, బంగారు రంగు బాణం 7వది, నల్ల పిల్లి 17వది. ఎరుపు నలుపు డాలు మీద కత్తి ఉంటే అది బర్మాలో పోరాడిన 14వ ఆర్మీ. ఆ గుర్తు మీ తాతయ్యగారిది ఏ డివిజనో చెబితే ఆయన తిరిగిన దారి చాలావరకు తెలిసినట్టే.

ఛాతీ మీద ఎడమ పక్కన రంగు రిబ్బన్లు వరుసగా ఉంటే వాటిని విప్పకండి, తడి తగలనీయకండి, రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారతాయి. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానంగా ఉంటే అది 1939-45 స్టార్. ముదురు నీలం మధ్యలో ఎర్ర చార, రెండు పక్కలా నారింజ చారలు ఉంటే బర్మా స్టార్. 1941 డిసెంబర్ 11 నుంచి 1945 సెప్టెంబర్ 2 మధ్య బర్మా యుద్ధరంగంలో పనిచేసిన వాళ్ళకు ఇచ్చారు. అమ్మమ్మగారి మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు కలిస్తే ఇటలీ. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ సమానంగా ఉంటే 1947 స్వాతంత్ర్య పతకం. పతకాలే దొరికితే అంచు చుట్టూ భూతద్దంతో చూడండి, నంబరూ పేరూ కొట్టి ఉంటే మీ వెతుకులాట చాలా తేలికవుతుంది. ఆఫీసర్లు కోట్లు సొంత డబ్బుతో దర్జీ దగ్గర కుట్టించుకునేవారు కాబట్టి లోపలి జేబులో దర్జీ షాపు లేబులు, దాని మీద సిరాతో పేరు, తేదీ ఉండొచ్చు. నాకైతే మొట్టమొదట చేయి పెట్టాలనిపించే చోటు అదే.

ఆ ఆకుపచ్చ చొక్కా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇళ్ళల్లో అందరూ మెరిసే గుండీల కోటునే చూసి దీన్ని పక్కన పడేస్తారు. బర్మా అడవుల్లో ఖాకీ దూరం నుంచి కనిపించిపోతుందని యుద్ధం మధ్యలో బట్టల్ని ఆకుపచ్చకు మార్చారు. అక్కడ తూటా కంటే దోమ ఎక్కువ మందిని పడగొట్టింది. 1943లో గాయపడి వెనక్కి పంపిన ఒక్కో సైనికుడికి జబ్బుపడి వెనక్కి వచ్చినవాళ్ళు 120 మంది అని 14వ ఆర్మీ కమాండర్ జనరల్ స్లిమ్ లెక్క చెప్పారు. మలేరియా, విరేచనాలు, టైఫస్. ఒళ్ళు పసుపు రంగుకు తిరిగినా సరే రోజూ మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్ర మింగించారు, పొద్దుగూకేసరికి చొక్కా చేతులు కిందికి దించి గుండీలు పెట్టుకోవాల్సిందే అని ఆర్డరు వేశారు. ఆ ఆర్డరు అమలయ్యేలా చూడాల్సిందీ, కానప్పుడు పడిపోయిన వాళ్ళను బతికించాల్సిందీ మీ తాతయ్యలాంటి డాక్టర్లే. అందుకే ఆ చొక్కా చేతుల మడతలూ, కాలర్ అరుగుదలా, ఉన్న మరకా అన్నీ అలాగే ఉంచండి. ఆయన పనిచేసిన బట్ట అది. కోటు ఫోటో దిగడానికి వేసుకున్నది కూడా కావచ్చు.

రికార్డుల సంగతికి వస్తే, మొదలుపెట్టాల్సింది ఢిల్లీలోనో లండన్‌లోనో కాదు, మీ ఇంట్లోనే. పాత పెళ్ళి శుభలేఖల్లో పేరు ముందు కెప్టెన్ అని, వెనక ఐఏఎంసీ అని వేయించేవారు. క్లినిక్ బోర్డు ఫోటో ఎవరి ఆల్బంలోనైనా ఉండొచ్చు. యుద్ధం నుంచి రాసిన ఒక్క ఉత్తరం దొరికినా దాని మీద ఊరి పేరు ఉండదు, సెన్సార్ ఒప్పుకునేది కాదు, కానీ ఫీల్డ్ పోస్టాఫీసు, అంటే సైన్యంతో పాటు తిరిగే తపాలా ఆఫీసు నంబరు ముద్ర ఉంటుంది. ఆ నంబరు ఏ తేదీకి ఎక్కడుందో తపాలా చరిత్ర సేకరించేవాళ్ళు చెప్పగలరు. తొంభై దాటిన పెద్దవాళ్ళు బంధువుల్లో ఎవరైనా ఉంటే ఈ వారమే వెళ్ళండి. ఏ సంవత్సరం అని అడిగితే వాళ్ళు చెప్పలేరు. జపాన్ వాళ్ళు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు తాతయ్య ఇంట్లో ఉన్నారా, అప్పటికే వెళ్ళిపోయారా అని అడగండి. అది 1942 ఏప్రిల్ 6. కోస్తా జనం పిల్లాజెల్లాతో ఊళ్ళు వదిలిపోయిన రోజులు, గుర్తుండి తీరుతాయి. ఆయన ఎక్కడ డాక్టరీ చదివారో కూడా అడగండి. గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో వచ్చింది కాబట్టి యుద్ధానికి ముందు చదివితే విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీయో మద్రాసో అయ్యుండాలి, ఆ కాలేజీల పాత జాబితాల్లో పేరు ఎలా రాసేవారో తెలుస్తుంది.

పేరు స్పెల్లింగే మనవాళ్ళకు పెద్ద అడ్డంకి. రావును ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాస్తారు, ఇంటిపేరును పొడి అక్షరం చేస్తారు, లేదా దాన్నే అసలు పేరుగా పెట్టి మిగిలినవి పొడి అక్షరాలు చేస్తారు. అన్ని రకాలుగానూ వెతకాలి. బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజెట్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది, శౌర్య పతకాలు, అధికారిక ప్రశంసల జాబితాలు అందులో ఉంటాయి. యూనిట్ పేరు తెలిశాక లండన్ దగ్గర క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో యుద్ధ డైరీలు చూడొచ్చు. బర్మా యుద్ధాన్ని నడిపిన ఆగ్నేయాసియా కమాండ్‌లోని యూనిట్లవి డబ్ల్యూఓ 172 అనే వరుసలో, వైద్య యూనిట్లవి డబ్ల్యూఓ 177లో ఉన్నాయి. ఇండియన్ జనరల్ హాస్పిటల్, క్యాజువల్టీ క్లియరింగ్ స్టేషన్, ఫీల్డ్ అంబులెన్స్, ఇలాంటి యూనిట్లు నెలనెలా రాసిన డైరీలవి. ఫలానా డాక్టర్ డ్యూటీలో చేరాడు, ఫలానా రోజు బదిలీ అయ్యాడు అని పేర్లతో సహా ఉండటం మామూలే. డబ్బు కడితే కాపీలు పంపుతారు. ఢిల్లీ జన్‌పథ్‌లోని మన నేషనల్ ఆర్కైవ్స్‌కి అభిలేఖ్ పటల్ అనే పోర్టల్ ఉంది, అక్కడ కూడా చూడండి. ఢిల్లీలోనే యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్‌లో సైనిక చరిత్ర కేంద్రం ఉంది, వాళ్ళకు ఫోటోలతో మెయిల్ రాయొచ్చు. స్వాతంత్ర్యం తర్వాత కూడా తాతయ్య సర్వీసులో కొనసాగి ఉంటే 10 రూపాయల ఫీజుతో రక్షణ శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, సాయుధ దళాల వైద్య సేవల డైరెక్టరేట్ పేరు ప్రస్తావించండి. అమ్మమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్ లాంటిది ఏదైనా వచ్చేదా అన్నది కూడా కనుక్కోండి. వచ్చి ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఏదో ఒక రిజిస్టర్‌లో ఆయన నంబరు ఉండే అవకాశం ఉంది.

ఇక బట్టలు కాపాడటం. కోటుకి పడ్డ చిల్లులు ఉన్ని తినే పురుగు పని. ఎగిరే చిన్న గోధుమ రంగు పురుగు తినదు, అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే లార్వా తింటుంది. మడతల్లో, కాలర్ కింద సాలెగూడులా తెల్లటి నూగు, ఇసుక రేణువుల్లాంటి రెట్టలు కనిపిస్తే ఇంకా బతికే ఉందని అనుమానించాలి. ఖాకీ నూలు బట్టల్ని అది ముట్టుకోదు కానీ వాటికి గంజి ఉంది కదా, గంజి కోసం బొద్దింకలూ, పుస్తకాల్లో కనిపించే వెండి రంగు పురుగులూ వస్తాయి. అటక మీద ఉన్న పెట్టె కనుక అడుగున చెదలు కూడా చూడండి.

కలరా ఉండలు వేయమని అందరూ చెబుతారు, నేను వద్దంటాను. మూత బిగించిన పెట్టెలో ఆవిరి నిండితే తప్ప పురుగు చావదు, అంత ఆవిరి మనుషులకూ మంచిది కాదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకు ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. కర్పూరం కూడా వద్దు. వేపాకు బట్టకు తగిలితే మరక పడుతుంది, పురుగు ఆగుతుందన్న నమ్మకమూ లేదు. మరి ఏం చేయాలంటే, చలి. కోటును పల్చటి తెల్ల గుడ్డలో చుట్టి, మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి ఒత్తేసి, టేపుతో పూర్తిగా మూసి, మైనస్ 18 డిగ్రీలు ఉండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. ఇంట్లో చోటు లేకపోతే ఐస్‌క్రీమ్ షాపు పెట్టుకున్న తెలిసినవాళ్ళని అడగండి, సంచి మూసే ఉంటుంది కనుక వాళ్ళకీ ఇబ్బంది ఉండదు. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, విప్పితే గాలిలోని తేమ చల్లటి ఉన్ని మీద నీరుగా పడుతుంది. తోలు బెల్టును మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి.

తర్వాత వ్యాక్యూమ్ క్లీనర్ పైపుకి దోమతెర ముక్క కట్టి, సక్షన్ బాగా తగ్గించి, మెత్తటి బ్రష్‌తో దుమ్మును పైపు వైపు తోస్తూ తీయండి. మీరు చేయాల్సిన శుభ్రం అంతవరకే. ఎండలో ఆరేయడం మన పెద్దవాళ్ళ అలవాటు, కానీ గుంటూరు ఎండ సంగతి మీకు చెప్పాలా, రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో ఎనభై ఏళ్ళ దారం ఏమవుతుంది? నీడలో, ఫ్యాన్ గాలికి కాసేపు ఆరబెడితే చాలు. బూజు కనిపిస్తే మాస్క్ పెట్టుకుని ఆరుబయట దులపండి.

గుండీల విషయంలో చింతపండు, పీతాంబరి, బ్రాసో ఏదీ వద్దు. తోమినప్పుడల్లా గుండీ మీది బొమ్మ అరుగుతుంది, పొడి చుట్టూ ఉన్న బట్టలోకి దిగి కొన్నాళ్ళకు చిలుము పట్టిస్తుంది. నల్లబడిన ఇత్తడికి ఏ ప్రమాదమూ లేదు. వెనక వైపు తయారు చేసిన కంపెనీ పేరు ఉండొచ్చు, ఫోటో తీసుకోండి. తుప్పు పట్టిన పిన్నీసులు ఉంటే ఎక్కడున్నాయో రాసుకుని నెమ్మదిగా తీసేయండి. తోలు బెల్టుకి బూటు పాలిష్, కొబ్బరినూనె రాయకుండా బట్టలకు దూరంగా విడిగా గుడ్డలో చుట్టి పెట్టండి.

పెట్టడానికి ఆ ఇనప ట్రంకే వాడొచ్చు, తుప్పు లేకపోతే. లోపల యాసిడ్ లేని టిష్యూ పేపరు వేస్తే మంచిది. అది దొరక్కపోతే రంగు వేయని కోరా మల్లు గుడ్డను వేడినీళ్ళలో రెండు మూడుసార్లు ఉతికి గంజి పూర్తిగా పోగొట్టి వాడండి. మడత పడే ప్రతిచోటా ఆ గుడ్డను చుట్ట చుట్టి లోపల పెట్టాలి, మడత పదునుగా పడకూడదు, ఏడాదికోసారి తీసి మడత చోటు మార్చాలి. డ్రైక్లీనింగ్ షాపు ప్లాస్టిక్ కవర్లు, న్యూస్‌పేపర్లు వద్దు. తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది, మన దగ్గర వానాకాలంలో అది దాటడం మామూలే, కాబట్టి సిలికా జెల్ సంచులు వేసి, కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ తేమ మీటర్ ఒకటి పక్కన పెట్టండి. కొత్త ఫ్లాట్‌లో పై స్లాబ్ వేడెక్కే అటక కంటే లోపలి గదిలో బీరువా మధ్య అర మంచిది. నేల మీద మాత్రం పెట్టకండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళల్లోకి వచ్చినప్పుడు కింద ఉన్న పెట్టెలన్నీ నీళ్ళలోనే ఉన్నాయి.

ఫ్రేమ్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. హాల్లో వెలుతురుకు ఉన్ని, రిబ్బన్లు వెలిసిపోతాయి, వెలిసిన రంగును ఎవరూ తిరిగి తేలేరు. వేలాడదీస్తే కోటు బరువుకే దాని భుజాల కుట్లు తెగుతాయి. కోటుకు మంచి ఫోటో తీయించి పెద్దది చేసి, కంటోన్మెంట్ షాపుల్లో దొరికే కొత్త రిబ్బన్లతో కలిపి ఫ్రేమ్ కట్టించండి, అసలువి పెట్టెలో ఉండనివ్వండి. పెళ్ళిళ్ళు, ఆగస్టు 15 లాంటి రోజుల్లో పిల్లలకు బయటికి తీసి చూపించండి, కానీ తొడగనివ్వకండి. చిల్లులు పెద్దవిగా ఉంటే రఫూ చేయించకుండా కన్సర్వేటర్‌కి, అంటే పాత వస్తువుల్ని కాపాడే నిపుణుడికి చూపించండి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కన్సర్వేషన్ ల్యాబ్ ఉంది, వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థ కూడా ఈ పని చేస్తుంది.

ఎప్పుడైనా మీ ఇంట్లో ఎవరూ చూసుకోలేని పరిస్థితి వస్తే మ్యూజియానికి ఇవ్వొచ్చు. ఇచ్చేముందు మాత్రం మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: ఏమేం ఇచ్చారో నంబర్ల జాబితా, వాళ్ళకు అక్కర్లేకపోతే తిరిగి మీకే ఇస్తామన్న మాట, కుటుంబం ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చన్న అనుమతి. బట్టలతో పాటు మీ నోట్‌బుక్ కాపీ కూడా ఇవ్వండి. ఈలోగా ట్రంకు బిల్డర్ మనుషుల చేతికి పోకుండా మీ దగ్గరికి తెచ్చుకోండి, పాత ఇంట్లో ఖాళీ చేయాల్సిన సామాన్లలో మొదటిది అదే కావాలి.